మహారాజశ్రీ హ్యూ స్లైడర్ గారి సముఖానికి

అయ్యా,

ఫొటోషాప్‌లో ఫొటోలోని రంగుని (హ్యూని) మార్చే మీట తమరు. ఎడమకి -180, కుడికి +180. ఏ కొసకి లాగినా వచ్చేది ఒకటే రంగన్న సంగతి మాత్రం తమరు బయటపెట్టరు. గుండ్రటి రంగుల చక్రాన్ని కోసి గీతలా పరుచుకుని కూర్చున్నారు మరి.

ఎర్ర కారుని ఆకుపచ్చగా మార్చమంటే +120 దగ్గర మార్చేస్తారు, కాదనం. కారుతోపాటు డ్రైవరు ముఖమూ ఆకుపచ్చే. అన్ని రంగులనీ కలిపి తిప్పే మాస్టర్ వదిలేసి, ఎరుపులనే తిప్పే రెడ్స్ ఎంచుకున్నా గండం గడవదు. ఆ పరగణా చక్రం మీద 345 నుంచి 15 డిగ్రీలు, దానికి అటూ ఇటూ ఇంకో 30 డిగ్రీల మెల్లగా పలచబడే సరిహద్దు. మనుషుల చర్మం చాలావరకు అక్కడే కాపురం. మార్పు కారు దాటకుండా చచ్చినట్టు మాస్కు గీయాల్సిందే.

ఇక తెల్ల చొక్కా ముందు తమ ప్రతాపం సున్నా. శాచురేషనే, అంటే రంగు గాఢతే, లేనిచోట తిప్పడానికి హ్యూ ఎక్కడిది? కలరైజ్ టిక్కు పెడితే మొత్తానికి ఒకే పూత పూస్తారు. దానికి బదులు ఒకే రంగు పొరని, అంటే సాలిడ్ కలర్ లేయర్‌ని, కిందిదాన్ని ముదురుచేసే మల్టిప్లై మోడ్‌లో వేస్తే మడతలు మడతల్లాగే ఉంటాయి. మెరుపులు రంగు తాగేస్తే కింది వెలుగుని బట్టి పై పొరని దాచే బ్లెండ్ ఇఫ్‌లో కింది లేయర్ తెల్ల త్రికోణాన్ని ఆల్ట్ నొక్కి చీల్చాలి. నల్ల చొక్కాకి మల్టిప్లై కూడా దండగ. ముందు వెలుగునీడలు సవరించే కర్వ్స్‌తో దాని వెలుగుని పైకి లేపాలి. రంగు మెట్లు తక్కువుండే 8 బిట్ ఫొటో అయితే నాయిస్ (గరుకు చుక్కలు), చారలు దానివెంటే లేస్తాయి.

అసలు కోపం మాత్రం వెలుగు విషయంలో. తమ లెక్కలో శుద్ధమైన పసుపు, శుద్ధమైన నీలం రెండింటి లైట్‌నెస్ 50. మామూలు తెరల రంగుల ప్రమాణం ఎస్ఆర్‌జీబీలో కంటికి తగిలే ప్రకాశం చూస్తే తెలుపు ప్రకాశంలో పసుపుది దాదాపు 93 శాతం, నీలానిది 7. అందుకే పసుపు గొడుగుని నీలం చేస్తే నీడలన్నీ మసిబారిపోతాయి. రంగు మాత్రమే మార్చే కలర్ మోడ్ పెడితే వెలుగు నిలుస్తుంది, కానీ నీలం వెలిసిపోతుంది. అదే మాస్కుతో కర్వ్స్ లేయర్ వేసి మధ్య టోన్లు సరిచేసేది మేమే, పేరు తమకి.

అంచుల దగ్గర పాత ఎరుపు చార మిగలడంలో తప్పంతా తమదనం. 4:2:0 పద్ధతిలో దాచిన జేపెగ్ ఫొటో రంగు సమాచారాన్ని నాలుగో వంతుకి కుదించేసి వస్తుంది. మాస్కుకి అంచు మెత్తబరిచే ఫెదర్ అర పిక్సెల్ ఇచ్చి, మిగిలినదాన్ని కలర్ మోడ్ బ్రష్‌తో దిద్దుకుంటాం. బల్లమీద పడ్డ ఎర్రటి ప్రతిఫలం సంగతి తమకి పట్టదు, చూసేవాళ్ల కన్ను మాత్రం ముందు అక్కడికే పోతుంది.

ఒక్క విన్నపం. కంట్రోల్ యూ షార్ట్‌కట్ దారిన వస్తే తమరు అసలు పిక్సెళ్లనే మార్చేసి పోతారు. ఇకమీదట ఎప్పుడైనా మార్చుకోగల విడి పొరగా, అంటే అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గానే దయచేయండి. +120 ఓకే అన్న క్లయింటే రేపు పొద్దున +95 అడుగుతారు.

ఇట్లు,
తమ వెనకాలే మాస్కులు దిద్దుకుంటూ తిరిగేవాళ్లు