శునక పరామర్శపై ఒక అభ్యంతరం

ఆసుపత్రిలో ఉన్న మనిషిని చూసిపోవడానికి అతని పెంపుడు కుక్కను కూడా రానివ్వాలని శ్రీకాకుళంలో చదువుకున్న కుర్రకారు కొందరు అడగడం మొదలుపెట్టారు. ఈ ప్రతిపాదనను నేను నిండు మనసుతో వ్యతిరేకిస్తున్నాను. రోగికి ఏదో అయిపోతుందన్న బెంగతో కాదు. కుక్క వార్డులోకి వచ్చిన నాడు చుట్టాల పరువు వీధిన పడుతుందన్న భయంతో.

కుక్క పక్షాన ఉన్న సాక్ష్యం తక్కువదేమీ కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రోగుల సేవ గురించి రాసిన పుస్తకంలో, దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు చక్కని తోడని చెప్పారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. చూడవచ్చినవాళ్ళు చెప్పే ఉత్తుత్తి ధైర్యాలూ ఉచిత సలహాలూ రోగిని ఎంత పీడిస్తాయో వివరించడానికి అదే పుస్తకంలో ఏకంగా ఒక అధ్యాయం కేటాయించారు. పాతపట్నం వైపు ఎన్నడూ రాకుండానే ఆవిడ మన మేనమామలను అంత దగ్గరగా ఎలా చూశారో తెలియదు. తరువాత 1980లో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం అమెరికాలో 92 మంది గుండె రోగుల ఏడాది బాగోగులు చూసి, జంతువులను పెంచే 53 మందిలో ముగ్గురూ, పెంచని 39 మందిలో 11 మందీ చనిపోయారని లెక్క తేల్చింది. చిన్న లెక్కే, దానితోనే కుక్కను వైద్యుణ్ణి చేసేయనక్కరలేదు. కాని రోగులను వియ్యంకులు చూడవచ్చినవారూ, రానివారూ అని విడదీసి ఇలాంటి లెక్కే వేస్తే ఏం తేలుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు.

అసలు ప్రమాదం నిబంధనలలో ఉంది. ఆసుపత్రులలో అంటువ్యాధుల నివారణ చూసే అమెరికా నిపుణుల సంఘం ‘షియా’ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోగుల ఊరట కోసం వార్డులలో తిప్పే జంతువులలో కుక్కకు మాత్రమే అర్హత ఉంది; పిల్లికి లేదు. ఆ కుక్కకైనా టీకాలు పడి ఉండాలి, ఒళ్ళు శుభ్రంగా ఉండాలి, వాంతులూ విరేచనాలూ ఉంటే గడప తొక్కకూడదు. కొత్తవాళ్ళు ఎదురైనా, పెద్ద చప్పుడైనా, ఎవరైనా కోపంగా అరిచినా, చుట్టూ జనం మూగినా నిబ్బరంగా ఉంటుందో లేదో ముందే పరీక్షించాలి. గదిలోని తక్కినవారిని అడిగిగాని లోపలికి తీసుకురాకూడదు. ఒక్క గంటకు మించి ఉంచకూడదు, ఎందుకంటే కుక్క అలసిపోతుంది. రోగి అలసిపోతాడని లేచి వెళ్ళిన చుట్టం మన జిల్లాలో ఇంకా పుట్టలేదు.

ఈ కాగితాన్ని వార్డు గోడకు అంటిస్తే మనవాళ్ళ గతి ఏమిటి? ఒక రోగికి ఒక సహాయకుడే అని బోర్డు ఉన్న వార్డు ముందు టెక్కలి నుంచి ఒక ఆటో, నరసన్నపేట నుంచి మరొక ఆటో ఆగుతాయి. కొబ్బరిబొండాలూ రొట్టె ప్యాకెట్లూ దిగుతాయి. ముక్కు కారుతున్న పిల్లవాడు ఏకంగా మంచమే ఎక్కుతాడు. అన్నీ తెలిసిన పెద్దమనిషి దిండు కింద నుంచి స్కానింగు ఫిల్ము లాగి, కిటికీ వెలుతురుకు పట్టి, ఏమీ అనకుండా రెండుసార్లు తల ఆడిస్తాడు. దానితో రోగికి బీపీ పెరిగితే నర్సమ్మ మాత్ర వేస్తుంది గాని ఆయనను బయటికి పంపదు. ఈలోగా పిన్నిగారు మంచం పట్టె మీద చేరి, ‘ఏట్రా బాబూ, ఇలగైపోనావేటి? మా వియ్యంకుడికీ ఇలగే కాళ్ళు పొంగినాయి, మరి ఆరు నెల్లు తిరగనేదు’ అని ఓదారుస్తారు. కుక్కకు ఇంత వైద్యం తెలియదు.

ఉద్దానం సంగతి మరీ ఇబ్బందికరం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు గాని, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు చెయ్యి కదపకుండా పడుకోవడం. రక్తం యంత్రంలో తిరుగుతున్న చోటికి జంతువును రానివ్వకూడదనడం న్యాయమే. అక్కడ నేను వైద్యుల పక్షం. ఏళ్ళ తరబడి సాగే జబ్బుకు బొండాలు మోయడం ఎవరి తరమూ కాదు గనుక చుట్టాలు మొదటి నెలతో సరిపెట్టుకుంటారు. కుక్క మాత్రం ఆ మనిషి బస్సుకు బయలుదేరిన ప్రతిసారీ జీడితోట చివరిదాకా వెంట వస్తుంది. ఈ రెండు హాజరుపట్టీలూ పక్కపక్కన పెడితే నష్టం ఎవరికో వేరే చెప్పాలా?

ఆసుపత్రిలో కుక్కలా అని ముక్కు మూసుకునేవారూ ఉన్నారు. ఆసుపత్రులు, బడులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి వీధి కుక్కలను తరలించాలనీ, పట్టుకున్నచోటే మళ్ళీ వదలవద్దనీ సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. లేని కుక్కలను తరలించమని ఏ న్యాయస్థానమూ చెప్పదు. కాటుకు సూది వేయించుకునేవారి వరుస పక్క నుంచే ఏ టీకా లేనిది దర్జాగా లోపలికి నడుస్తుంటే, టీకా కాగితం ఉన్నది గేటు బయట కట్టేసి ఉంటుంది.

కనుక నా సవరణ ఇది. కుక్కను రానివ్వండి, చుట్టాల మర్యాద నిలబడేందుకు దాని గొలుసు పట్టుకునే పని వారికే అప్పగించండి. ఒక కుక్కకు ఒక చుట్టం. ఇద్దరి గోళ్ళూ గేటు దగ్గరే చూడాలి, ఇద్దరూ పక్క మంచంవారిని అడిగి లోపలికి రావాలి. ఒక చేతిలో గొలుసూ ఒక చేతిలో బొండామూ ఉంటాయి గనుక ఫిల్ము పట్టుకోవడానికి పెద్దమనిషికి చెయ్యి ఖాళీ ఉండదు. గంట కాగానే కుక్క అలసిపోయిందని నర్సమ్మ ప్రకటిస్తుంది. కుక్క కోసం లేవడంలో నామోషీ ఏమీ లేదు గనుక పిన్నిగారూ లేస్తారు.