అత్తయ్య పెనానికి షాట్ పీనింగ్

మా బావమరిది రేణిగుంట దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేస్తాడు. లారీల కమాను పట్టీల మీద ఆవగింజంత ఉక్కు గుండ్లను మెషిన్‌తో జోరుగా కొట్టిస్తారు. దాని పేరు షాట్ పీనింగ్. తిరుపతిలో వాళ్లింటికి ఎప్పుడెళ్లినా కాఫీ చల్లారేదాకా ఇదే ప్రసంగం.

"కమాను ఒక్క దెబ్బకు విరగదు బావా. లక్షల సార్లు వంగి లేచినాక పైపొరలో సన్నగా పగులు మొదలవుతుంది. గుండు తగిలిన చోట పైపొర సాగబోతుంది, కింది లోహం సాగనివ్వదు. ఆ బిగింపుకు పగులు నోరు తెరవలేదు."

ఇంతవరకూ బాగానే ఉంది. ఆమధ్య అత్తయ్య దోసె పెనానికి తుప్పు పట్టింది. "కాస్త గీకి పెట్టరా" అంది. గీకడం మావాడికి నామర్దా. పెనాన్ని సంచిలో వేసుకుని వర్క్‌షాపుకు పోయాడు. తుప్పు సామాను పెడితే గుండ్లు పాడవుతాయని సూపర్‌వైజర్ చేత చీవాట్లు తిన్న సంగతి తర్వాతెప్పుడో బయటపడింది.

తెచ్చిన పెనం మీద తుప్పు మచ్చుకైనా లేదు. ఏళ్ల తరబడి పట్టిన నూనె నలుపూ లేదు. ఒళ్లంతా సన్నటి చొట్టలు.

ఆదివారం పొద్దున అత్తయ్య నడిమధ్యన నూనె వేసింది. అది అంచులకు పరుగెత్తింది. పిండి పోస్తే అదీ నూనె వెంటే పోయింది. మధ్యలో పెనం, చుట్టూ దోసె! ఆ దోసె కూడా చొట్టల్లో దిగబడి అట్లకాడకు లొంగలేదు. చల్లారాక మామయ్య పెనాన్ని గచ్చు మీద బోర్లించి వేలితో తోశాడు. గిర్రున తిరిగింది.

"ఒకవైపే కొడితే అటు ఉబ్బుతుందిమా. విమానం రెక్కల రేకుల్ని ఇట్లనే వంచుతారు" అన్నాడు మావాడు, గర్వంగానే. దెబ్బ బలం కొలవడానికి ఆల్మెన్ అనే ఆయన పెట్టిన పద్ధతీ ఇదేనట: 76 మిల్లీమీటర్ల ఉక్కు పట్టీకి ఒకవైపు గుండ్లు తగిలించి ఎంత వంగిందో చూడటం. ఆయనకు పట్టీ సరిపోయింది, మావాడికి పెనం కావాల్సొచ్చింది.

"ఏమైనా ఇంక ఇది విరగదుమా."

"ఇన్నాళ్లూ విరుగుతాందని ఎవురన్నా ఏడ్చినారా?"

రెండోవైపూ కొట్టిస్తే చదునవుతుందని మళ్లీ పట్టుకుపోయాడు. చదునైంది. దోసె మాత్రం ఊడిరావడం లేదు. ఇంట్లో వరసగా ఉప్మా నడుస్తోంది.

ఇప్పుడు వాడు డ్యూటీకి బయల్దేరితే గుమ్మం దగ్గర అత్తయ్య సంచి వెతుకుతోంది. నిన్న అందులో ఇడ్లీ పాత్ర మూత దొరికింది.