కారు కారుతోంది

మన రోడ్ల మీద కారు పక్కకు ఆపి బానెట్ ఎత్తితే చాలు, పిలవకుండానే నలుగురు వస్తారు. ఆ నలుగురూ ఇంకే విషయంలోనూ ఒక మాట మీద నిలబడరు గానీ, ఒక్క దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట: ముందు రేడియేటర్ మూత తియ్యాలి.

మండపేటలో పెళ్ళి చూసుకుని విజయవాడ తిరిగొస్తున్నాం. రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మాది సెకండ్ హ్యాండ్ బుల్లి కారు. దానికి టెంపరేచర్ చూపించే ముల్లు లేదు. ఇంజను చల్లగా ఉంటే నీలం దీపం, కాగిపోతుంటే ఎర్ర దీపం, ఈ రెంటికీ మధ్య ఏం జరిగినా మౌనం. ఏలూరు దాటి హనుమాన్ జంక్షన్ దగ్గర పడుతుండగా ఎర్ర దీపం వెలిగింది. బండి పక్కకు తీసి ఇంజను ఆపేశాను. బానెట్ కింద గుడగుడ.

జనం వచ్చారు. లుంగీ ఎగ్గట్టిన పెద్దమనిషి ఒకాయన తడి తువ్వాలు చేతికి చుట్టుకుని మరీ ముందుకొచ్చాడు. "మూత తీసేస్తే ఆవిరి పోతుంది బాబూ" అన్నాడు. పోతుంది, నిజమే. సరాసరి ఆయన మొహం మీదికే పోతుంది. మామూలు నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇంజన్ను చల్లబరచడానికి పోసే కూలెంట్, అంటే సగం నీళ్ళు, సగం గ్లైకాల్ అనే రసాయనం కలిపినది అయితే ఇంకో ఆరేడు డిగ్రీలు ఓపిక పడుతుంది. ఆ పైన రేడియేటర్ మూత సుమారు ఒక బార్ ఒత్తిడిని (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి ఇంకో అంత) బిగపట్టి ఉంచుతుంది కాబట్టి 120 దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులు చేశారా, ఒత్తిడి పోయి ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా మరిగి పైకి ఎగజిమ్ముతాయి. ఇదంతా నేను వివరించే లోపు వెనక సీట్లోంచి మా ఆవిడ తల బయటికి పెట్టి, "ఏమండీ పెద్దాయనా, మీ ఇంట్లో కుక్కర్ దిగకుండానే మూత తీస్తారా?" అంది. ఆయన తువ్వాలు విప్పి భుజాన వేసుకుని వెనక్కి తగ్గాడు. కుక్కర్ జోలికి అలా వెళ్ళే ఆడమనిషి మన ఇళ్ళల్లో కనపడదు. రేడియేటర్ మూత మీద మాత్రం ప్రతి మగాడి చెయ్యీ దురద పెడుతుంది.

గుంపులో ఒక లారీ క్లీనర్ కుర్రాడు ఉన్నాడు. వాడొక్కడే వేరే మాట అన్నాడు. "ఈసారి ఎర్ర లైటు పడగానే హీటర్ ఫుల్లుగా పెట్టండి సార్, ఇంజను వేడి కొంత లోపలికి లాగేస్తుంది." అందరూ పగలబడి నవ్వారు. 44 డిగ్రీల ఎండలో హీటరట! కుర్రాడు సిగ్గుపడి లారీ ఎక్కేశాడు. నిజానికి అక్కడ చేరిన వాళ్ళలో బండి గురించి తెలిసినవాడు వాడొక్కడే.

బాగా చల్లారాక చూస్తే కూలెంట్ డబ్బాలో చుక్క లేదు. బండి కింద కూడా చుక్క లేదు. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ సీసాలు పోసి, గన్నవరం మీదుగా ఎడ్లబండి వేగంతో ఇల్లు చేరాం.

దిగేటప్పుడు రెండో గొడవ మొదలైంది. ముందు సీట్లో అత్తగారు కూర్చున్నారు. ఆవిడ కాళ్ళ కింద పట్టా జిగటగా, తడిగా ఉంది. కారంతా ఒకటే తియ్యటి వాసన. ఆవిడ దగ్గర తాపేశ్వరం మడతకాజాల డబ్బా ఉంది. ఇంకేం, మా బావమరిది తీర్పు చెప్పేశాడు. "అమ్మా, మూత సరిగ్గా పెట్టలేదు కదూ? పాకం అంతా కార్చేశావు."

"నేను డబ్బా ముట్టుకోలేదురా" అన్నారు అత్తగారు.

డబ్బా ఆవిడ ఒళ్ళో ఉంది. తడి ఆవిడ కాళ్ళ కింద ఉంది. మధ్యలో పట్టుచీర మాత్రం పొడిగా ఉంది. ఈ మెలిక గురించి ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే అప్పటికే కాజాలు లెక్కపెట్టడం మొదలైంది. రెండు తక్కువొచ్చాయి. దాంతో కేసు మూసేశారు. ఆవిడ ఆ రాత్రి భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు.

కూలెంట్ డబ్బాలో మ్యాక్స్ గీత దాకా కొత్తది పోశాను. రెండు రోజులు బజారుకీ ఆఫీసుకీ తిరిగేసరికి మిన్ గీత కిందికి దిగిపోయింది. ఇక మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ప్రజాదర్బారు మొదలైంది. మా బావమరిది ప్రపంచంలో దేన్నైనా వీడియోలు చూసి నేర్చుకునే రకం. రాత్రి బండి కింద పాత పేపర్లు పరిచాడు, పొద్దున్నే వెళ్ళి ఒక్కో పేజీ వెలుతురుకి పెట్టి చూశాడు. పొడి. మర్నాడు ఏసీ వేసుకుని బయటికి వెళ్ళొచ్చి మళ్ళీ పరిచాడు. ఈసారి పేపరు మధ్యలో ఇంత తడి మచ్చ! సెల్లారంతా పండగ. వాచ్‌మన్ వచ్చాడు, ఇస్త్రీ చేసే అతను వచ్చాడు, ఇస్త్రీ చేయించుకోవడానికి వచ్చిన వాళ్ళూ వచ్చారు. తీరా వేలితో తాకి చూస్తే మామూలు నీళ్ళు. రంగు లేదు, జిగట లేదు. ఏసీ వేసినప్పుడు గాల్లో తేమ చల్లబడి ఒక చిన్న గొట్టంలోంచి కిందికి కారే నీళ్ళు అవి. కృష్ణ ఒడ్డున ఉక్కపోతకి మా కారు రోజుకో చెంబు నీళ్ళయినా వదులుతుంది. జనం ఉసూరుమంటూ వెళ్ళిపోయారు.

రెండో అంతస్తులో బస్సులు నడిపి రిటైరైన బాబాయ్ గారు ఉన్నారు. ఆయన సెల్లార్లోకి దిగి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "రేడియేటర్లో గుప్పెడు పసుపు వెయ్యవోయ్" అన్నారు. ఇదేదో నాటువైద్యమని కొట్టిపారెయ్యకండి. ఘాట్ రోడ్లలో గతిలేనప్పుడు డ్రైవర్లు చేసే పనే ఇది. పసుపు పొడి నీళ్ళతో తిరిగి తిరిగి సన్న రంధ్రం దగ్గరికెళ్ళి పట్టేసుకుంటుంది, ఊరు చేరేదాకా కారడం తగ్గుతుంది. చిక్కేమిటంటే, ఏది రంధ్రమో ఏది గొట్టమో పసుపుకి తెలియదు. సన్నగా ఉన్నవన్నీ పూడ్చుకుంటూ పోతుంది. ఈలోగా మా ఆవిడకు విషయం తెలిసి, దుగ్గిరాల నుంచి కొమ్ములు తెప్పించి మర పట్టించిన పసుపు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. అలా రేడియేటర్ బతికిపోయింది.

వీధి చివర మెకానిక్, ముందు సీట్లో కాళ్ళు పెట్టుకునే చోట తడి చూసి, ఏసీ నీళ్ళ గొట్టం పూడుకుపోయి నీళ్ళు లోపలికి కారుతున్నాయన్నాడు. అలా జరగడం మామూలే కూడా. తీగ పెట్టి పొడిచి, డబ్బులు తీసుకుని, ఇక చూసుకోక్కర్లేదన్నాడు. కూలెంట్ తన పాటికి తాను తగ్గుతూనే ఉంది. ఇప్పుడు ఇంకో విడ్డూరం కలిసింది. ఫ్యాను వేస్తే ముందు అద్దానికి లోపలివైపు మసకగా పొర పడుతోంది. గుడ్డ పెట్టి తుడిస్తే పోదు సరికదా, నూనె పూసినట్టు అద్దమంతా పాకుతుంది. ఎదురుగా వచ్చే లారీ లైట్లు ఆ పొరలోంచి నక్షత్రాల్లా విచ్చుకునేవి.

చివరికి ఆటోనగర్ తీసుకెళ్ళాం. అక్కడ విజయవాడ లారీలన్నిటి జాతకాలూ తెలిసిన మనుషులుంటారు. మాకు దొరికిన మెకానిక్ నెరిసిన గడ్డం, తక్కువ మాట. మేం చెప్పిందంతా విన్నాడు. కింద చుక్క లేదు, వాసన తియ్యగా ఉంది, అద్దం మసకేస్తోంది. "ముందు సీట్లో ఎవరు కూర్చున్నారు?" అని అడిగాడు. అందరం అత్తగారి వైపు చూశాం. ఆవిడ తన మీద ఇంకో కేసు పెడుతున్నారనుకుని మొహం తిప్పుకున్నారు.

ఇంజను చల్లగా ఉంది కాబట్టి అతను రేడియేటర్ మూత ధీమాగా తీశాడు. ఆ మూత జాగాలో ఒక పంపు బిగించాడు. సైకిలు పంపు లాంటిదే, పైన మీటరు ఉంటుంది. మూత మీద 0.9 అని రాసి ఉంటే చూసి, ముల్లు అక్కడికి వచ్చేదాకా కొట్టి ఆగిపోయాడు. బండి ఆపేశాక చల్లగా ఉన్నప్పుడు ఈ లీకులు చాలావరకు బుద్ధిగా కూర్చుంటాయట. ఒత్తిడి ఎక్కితేనే బుద్ధి బయటపెడతాయి. మేమంతా ముల్లుకేసి చూస్తున్నాం. అది కదిలీ కదలనట్టు 0.8 వైపు జారింది. బండి కింద చూశాం, ఏమీ లేదు. గొట్టాల క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ అంచుల దగ్గర టార్చి వేశాడు. ఆరిపోయిన చారిక కూడా లేదు. అప్పుడు ఎడమ తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, డాష్‌బోర్డు కిందికి తల దూర్చి, "దా, చూడు" అని మా బావమరిదిని పిలిచాడు.

నల్లటి ప్లాస్టిక్ పెట్టె అంచున ఆకుపచ్చ చుక్క ఒకటి ఊరింది. లావైంది. కాసేపు వేలాడి పట్టా మీద పడింది. వెంటనే ఇంకోటి ఊరడం మొదలైంది.

"తియ్యగా ఉంటే కూలెంటే బావా, వీడియోలో చెప్పారు" అంటూ మా వాడు ఆ చుక్క వేలికి అద్దుకుని నోటి దాకా తెచ్చాడు. మెకానిక్ ఫెడీమని చేతి మీద కొట్టాడు. "తియ్యగా ఉంటుంది కాబట్టే ప్రమాదం తమ్ముడూ! విషం అది. కుక్కలు నాకి, కిడ్నీలు పోయి చస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఆ డబ్బా అందకుండా పెట్టాలి." మా వాడు వర్క్‌షాపు నల్లా కింద సబ్బుతో చేతులు కడుగుతూనే ఉన్నాడు, మేం బయల్దేరేదాకా.

ఇంతకీ దొంగ ఎవరంటే, హీటరు. విజయవాడ కారులో హీటరు!

డాష్‌బోర్డు వెనక చిన్న పుస్తకమంత రేడియేటరు ఒకటి ఉంటుందట. ఇంజను వేడిని మోసుకొచ్చే కూలెంటు దాంట్లోంచి తిరుగుతుంది. మా బండిలో మనం హీటరు వేసినా వెయ్యకపోయినా తిరుగుతూనే ఉంటుంది, గుండ్రటి మీట తిప్పితే లోపల ఒక రేకు తలుపు మాత్రం తెరుచుకుంటుంది. ఆ మీట మేం కొన్న దగ్గర్నుంచీ నీలం చివర నుంచి కదిలి ఎరగదు. అంటే పైన ఏసీకి పెట్రోలు పోసి చల్లగాలి కొనుక్కుంటూ, దాని పక్కనే ఎవరూ అడగని కుంపటి ఒకటి ఇన్నాళ్ళూ మండించుకుంటూ తిరిగామన్నమాట. లారీ క్లీనర్ కుర్రాడు చెప్పింది దీని సంగతే. కారినదంతా కింద పట్టా, ఆ అడుగున స్పాంజి తాగేశాయి. అందుకే నేల మీద చుక్క పడలేదు. ఫ్యాను వేసినప్పుడల్లా ఆవిరి వెళ్ళి అద్దానికి పట్టింది.

మెకానిక్ ఒక గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి తెల్లటి పొలుసులు చూపించాడు. మాకు ముందు ఈ బండి నడిపిన మహానుభావుడెవరో కూలెంట్ ఖర్చెందుకని ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసి ఉంటాడట. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందు ఉంటుంది. బోరు నీళ్ళలో ఉండేది ఉప్పు. పల్చటి అల్యూమినియం గొట్టాలు ఎన్నాళ్ళని ఆగుతాయి?

"కొత్తది వెయ్యాలంటే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి సార్. స్టీరింగు దగ్గర్నుంచి దిగాలి. మళ్ళీ బిగించాక ఎక్కడో ఒక చోట కిటకిట మోగుతుంది, అది మాత్రం నన్ను అడగొద్దు" అన్నాడు. "లేదంటే హీటరుకి వెళ్ళే గొట్టం, వచ్చే గొట్టం రెండూ ఇంజను వైపే కలిపేసి బైపాస్ చేస్తా. టీ తాగొచ్చేసరికి అయిపోతుంది."

"మరి చలేస్తే?" అంది మా ఆవిడ. "డిసెంబరులో లంబసింగి వెళ్దామనుకుంటున్నాం."

"దుప్పటి పట్టుకెళ్ళండమ్మా."

వంపు తిరిగిన పైపు ముక్క ఒకటి, రెండు కొత్త క్లిప్పులు. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటు పోసి, ఇంజను నడిపి గాలి బుడగలు పోయేదాకా ఆగి, మూత బిగించాడు. పంపు మళ్ళీ పెట్టి చూపించాడు. ఈసారి ముల్లు 0.9 దగ్గర కదలకుండా నిలబడింది. అప్పుడు అత్తగారు కొంగు సవరించుకుని, కొడుకు వంక చూసి, అందరికీ వినపడేలా అన్నారు: "తిన్నాను. కార్చలేదు."

కుట్ర అంతా తేలిపోయింది గానీ పట్టా మిగిలింది. స్పాంజి పిండితే బకెట్టు అడుగున ఆకుపచ్చ కషాయం. నీళ్ళు మార్చి మార్చి ఉతికి, డాబా మీద ఆరేశాం. మే నెలలో మా డాబా మీద జాగా దొరకడం అంత తేలిక కాదు. ఒకళ్ళవి గుమ్మడి వడియాలు, ఒకళ్ళవి మాగాయ ముక్కలు, ఒకళ్ళవి ఉప్పు మిరపకాయలు. నిరుడు ఎండ తగిలే తూర్పు మూల కోసం మా అత్తగారికీ ఎదురింటావిడకీ మాటలు కూడా ఆగిపోయాయి.

ఎదురింటావిడ వడియాలు తిరగెయ్యడానికొచ్చి ఆగిపోయింది. "ఇదేమిటి పిన్నిగారూ, పక్కనే ఆరేశారు?"

"మా అల్లుడుగారి కారు పట్టా అమ్మా. విషం పీల్చిందట. నాకితే కుక్కలు కూడా చస్తాయని మెకానిక్ చెప్పాడు" అన్నారు అత్తగారు, చాలా బాధపడుతున్నట్టుగా. ఎన్ని బకెట్ల నీళ్ళతో ఉతికామో మాత్రం చెప్పలేదు.

ఎదురింటావిడ సగం ఎండిన వడియాల చీరను నాలుగు కొసలూ పట్టుకుని, కోడల్ని కేకేసుకుంటూ మెట్లు దిగిపోయింది. అత్తగారు ఆవిడ అడుగుల చప్పుడు రెండో అంతస్తు దాటేదాకా ఆగారు. తర్వాత నన్ను పిలిచి, పట్టాని పడమటి గోడ మీదికి మార్పించి, తూర్పు మూల శుభ్రంగా కడిగించి, మాగాయ ముక్కల చాప తెమ్మన్నారు.