అమ్మ గడ్డ తీసుకోండి, కానీ ఒక మాట చెప్పి తీసుకోండి

పోయిన ఏడాది కర్నూలులో మా అమ్మకు రొమ్ములో గడ్డ ఆపరేషన్ చేసి తీశారు. థియేటర్ బయట నర్సు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా నా చేతికిచ్చి, ల్యాబ్‌లో ఇచ్చి రమ్మంది. ముక్క కుళ్లిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో మునిగిన ముక్క, మూత మీద తెల్ల ప్లాస్టర్, దాని మీద పెన్నుతో అమ్మ పేరు. మెట్లు దిగుతుంటే చేయి వణికింది.

ఆదోనికి వచ్చాక ఫైలు తిరగేస్తే ఆపరేషన్‌కు ముందు అమ్మతో వేలిముద్ర వేయించుకున్న కాగితం జిరాక్స్ కనిపించింది. అంతా ఇంగ్లీషే. అడుగున ఒక లైను, మిగిలిన ముక్కను పరిశోధనకు వాడుకోవచ్చని. ఆ లైను గురించి మాకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

పరిశోధన అంటే ఏం చేస్తారో అని రాత్రుళ్లు కూర్చుని చదివాను. గడ్డలోంచి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క కోసి, రోగనిరోధక శక్తి లేని ఎలుక చర్మం కింద పెట్టి పెంచుతారు. నేను మోసుకెళ్లిన ఫార్మలిన్ ముక్క దానికి పనికిరాదు, ప్రాణమున్న ముక్క కావాలి, చల్లగా ఉంచి త్వరగా చేర్చాలి. 1969లో డెన్మార్క్‌లో ఒక రోగి పెద్దపేగులోని క్యాన్సర్‌ను వెంట్రుకల్లేని ఎలుకల్లో పెంచారు, అప్పటి నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ల్యాబ్ గిన్నెల్లో ఏళ్ల తరబడి పెంచిన కణాల కంటే ఇలా పెరిగిన గడ్డే మనిషిలోని గడ్డకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కొత్త మందులు దాని మీద వేసి చూస్తారు. అన్నీ పెరగవు, పెరిగినా నెలలు పడుతుంది, రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే ఇమ్యునోథెరపీ మందుల సంగతి, ఆ శక్తే లేని ఎలుకలో సరిగ్గా తేలదు.

నేను దీనికి అడ్డం కాదు. మా అమ్మకు ఎక్కించిన కీమో కూడా ఎలుకలను దాటుకునే వచ్చింది. నా కోపమంతా ఆ వేలిముద్ర మీదే. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే క్యాన్సర్ రోగి గడ్డలోంచి ఆమెకు చెప్పకుండా కణాలు తీసుకున్నారు, అవి ప్రపంచమంతా తిరిగాయి, ఇంట్లోవాళ్లకు మాత్రం ఇరవై ఏళ్లు దాటాకే తెలిసింది. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో కూడా మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలని, చదువు రానివాళ్లయితే సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలని రాసి ఉంది. మా దగ్గర సాక్షి ఎవరు? స్టాంపు ప్యాడ్ పట్టుకుని నిలబడిన అబ్బాయి.

అంతా అమ్మకు చెప్పాను. పత్తి గింజలు తీస్తూనే వినింది. "యెట్లా పారేసేదే కద నాయనా, ఇంకొకరికి పనికొస్తే తీసుకోనీ. నాకొక మాట చెప్పింటే ఏం పోయింటాది?" అంది.

వచ్చే నెల చెకప్‌కు మళ్లీ కర్నూలు బస్సెక్కుతున్నాం. ఈసారి ఏ కాగితమిచ్చినా, అమ్మ పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్పాకే వేలిముద్ర.