తండ్రి వెంటనే వచ్చి కలవాలి

నిన్న మా పాప చదివే ప్రైవేటు బడికి వెళ్లి తలదించుకుని వచ్చాను. నన్ను అక్కడికి పిలిపించిన ఉపాధ్యాయుడు కూడా నేనే.

అంతకు ముందురోజు నల్లగొండలో మాకు శిక్షణ. శిక్షకుడు తలా ఒక కాగితం ఇచ్చి నిలువుగా గీత గీయమన్నాడు. ఎడమవైపు ఉద్యోగంలో ప్రధాన బాధ్యతలు, కుడివైపు ఇంటి బాధ్యతలు రాయాలి. ఎడమవైపు చోటు చాలక కాగితం తిప్పాను: పాఠం చెప్పడం, ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకోవడం, కోడిగుడ్లు లెక్కపెట్టడం, ఆ లెక్కను సాయంత్రంలోగా పంపడం, బడిబాట, ఓటర్ల జాబితా. కుడివైపు ‘గ్యాస్ బండ’ అని రాసి ఆగిపోయాను. ‘ఇప్పుడు స్పష్టత వచ్చిందా?’ అన్నాడాయన. టీ వచ్చింది కాబట్టి, వచ్చిందన్నాం.

2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బయటి పనికీ టీచర్లను పంపకూడదు. ఈ మాట ఆయనను అడుగుదామనుకున్నాను. అప్పటికే బిస్కెట్లు పంచుతున్నారు.

ఆ రాత్రి ప్రోగ్రెస్ కార్డుల కట్ట ముందేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ పాప కార్డును కూడా ‘సంతకం చేయండి’ అంటూ ఆ కట్ట మీదే పెట్టి వెళ్లిందట. నాకు వినపడలేదు. మా బడికీ 2022లో ఇంగ్లీషు మీడియం వచ్చింది కాబట్టి కార్డులన్నీ ఒక్కలాగే కనిపించాయి. ఎర్ర పెన్ను తీశాను.

లెక్కల్లో 25కు 11. ‘ఎవరీ పిల్ల, బొత్తిగా వెనకబడింది’ అనుకున్నాను. ఇంటిపేరు మాదే. మేం ఒక్కళ్లమేనా, మా బడి ఉన్న ఊళ్లో మా ఇంటిపేరువాళ్లు నాలుగిళ్లున్నారు. తల్లి పేరు కూడా మా ఆవిడ పేరే. అది ఊరికో పదిమందికి ఉండే పేరు. సంతకాల గడి చూశాను. మూడు పరీక్షలకూ తల్లి సంతకమే ఉంది. దాంతో ఆ తండ్రి మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. ఎక్కడ తిరుగుతున్నాడు ఈ మనిషి? తల్లిదండ్రులతో మాట్లాడి పిల్లల చదువు సంగతి చెప్పడం అదే చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం నా విధి. అందరికీ అర్థం కావాలని తెలుగులోనే రాశాను: ‘తండ్రి ఒక్కసారైనా సంతకం చేయలేదు. పిల్ల చదువు పట్టడం లేదు. తండ్రి వెంటనే వచ్చి కలవాలి.’ కింద సంతకం, దాని పక్కన మా ప్రాథమిక పాఠశాల ముద్ర. ముద్ర చక్కగా పడింది. మామూలుగా సగమే పడుతుంది.

మా బడికి వెళ్లే దారిలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పొద్దు ఎటు తిరిగినా లింగం మీద స్తంభం నీడ పగలంతా కదలదు. అది ఏ స్తంభం నీడో చూడగానే చెప్పలేం. మా ఇంటి మీద కదలకుండా పడి ఉన్న నీడ ఏ స్తంభానిదో మాత్రం చెప్పగలను. సాయంత్రంలోగా వివరాలు పంపాల్సింది దానికే.

మర్నాడు పదకొండు గంటలకు పాప బడి నుంచి ఫోను వచ్చింది.

గేటు దగ్గర కాపలాదారు ‘ఏ సెక్షన్ సార్?’ అన్నాడు. మా ఆవిడకు ఫోన్ చేశాను. ‘2024 ఇంటింటి సర్వేలో ఊరందరినీ 75 ప్రశ్నలు అడిగి వచ్చారు కదా, ఇదొక్కటి ఇంట్లో అడగలేకపోయారా?’ అంది.

క్లాస్ టీచరు చిన్న వయసు అమ్మాయి, డీఎస్సీకి చదువుతోందట. నేను రాసింది నాకే గట్టిగా చదివి వినిపించింది. చివరి వాక్యం దగ్గర ఆగి, ‘వచ్చారు కదా సార్. ఇప్పుడు ఎవరిని కలుస్తారు?’ అంది. పాప కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

ఇంతలో ఫీజుల గుమాస్తా వచ్చాడు. వాళ్ల దృష్టి చదువు మీద కాదు, ముద్ర మీద. ‘పాపను ప్రభుత్వ బడికి మార్చారా? టీసీ కావాలంటే మూడో విడత కట్టాలి.’ జూన్‌లో గడపగడపకూ తిరిగి ‘మీ పిల్లలను ప్రభుత్వ బడిలోనే చేర్పించండి’ అని చెప్పినవాణ్ణి నేను. సొంత కూతురిని చేర్పించినట్టు సాక్ష్యం ఆ ముద్ర ఒక్కటే. అదీ చెల్లదన్నాను.

కొత్త కార్డుకు 50 రూపాయలు తీసుకున్నారు. రసీదు లేదు. తండ్రి గడిలో నీలం సంతకమే ఉండాలన్నారు. నా జేబులో ఎర్ర పెన్ను ఒక్కటే ఉంది. పాప తన పెన్ను ఇచ్చి, గడి ఏదో వేలు పెట్టి చూపించింది. సగం సంతకం చేశానో లేదో ఫోను మోగింది. గుడ్ల లెక్కలో రెండు తక్కువ వచ్చాయట.