బాబాయి పంపిన మెట్లు

కిడ్నాప్ కథలు పిల్లల్ని భయపెడతాయి, చదవడానికి ఇవ్వొద్దని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. స్కాట్లండ్ రచయిత స్టీవెన్సన్ రాసిన ‘కిడ్నాప్డ్’ నవల 1886లో మొదట వచ్చిందే ‘యంగ్ ఫోక్స్’ అనే పిల్లల పత్రికలో, సీరియల్‌గా. తండ్రిని పోగొట్టుకున్న డేవిడ్‌ను ఆస్తి కోసం సొంత బాబాయే ఓడ కెప్టెన్‌కు అప్పగిస్తాడు, అమెరికా తీసుకెళ్లి అమ్మేయమని. అంతకుముందే చీకట్లో, దీపం కూడా ఇవ్వకుండా, సగంలో ఆగిపోయిన గోపురం మెట్లు ఎక్కమంటాడు. చేత్తో తడుముకుంటూ వెళ్లే ఆ కుర్రాడికి పైన మెట్టే లేదని తెలిసే క్షణం ఉందే, ఆ టెన్షన్ పెద్దవాళ్లకూ తప్పదు! నెత్తుటి చుక్క లేకుండానే. అపాయం అయినవాళ్ల నుంచీ రావచ్చని పిల్లలకు ఇంతకంటే బాగా ఎలా చెబుతాం? ఓడలో పరిచయమైన తిరుగుబాటుదారు అలన్ బ్రెక్‌తో డేవిడ్ స్కాట్లండ్ కొండల్లో పారిపోయే భాగం మాత్రం కాస్త సాగుతుంది. అయినా, పన్నెండేళ్లు దాటిన పిల్లలతో తప్పకుండా చదివించండి.