పనైందని ఎవరు చెప్పాలి?

"బాబూ, పనైపోయిందని మళ్ళీ మెసేజ్ వచ్చింది. నువ్వొచ్చి ఒకసారి చూడు" అని పిన్నిగారు ఫోన్ చేశారు. ఆవిడ మాకు చుట్టం కాదు. తూర్పు లండన్‌లో మా పక్క వీధిలో, స్థానిక ప్రభుత్వమైన కౌన్సిల్ అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో, బాబాయిగారు పోయాక ఒక్కరే ఉంటున్నారు. వెళ్ళి చూస్తే పడగ్గదిలో బీరువా గోడకి అడుగు దూరం జరిపి ఉంది. దాని వెనక తెల్ల రంగు వేసి వెళ్ళారు. రంగు వాసన ఇంకా పోలేదు, అప్పుడే కింది మూలలో నల్లటి బూజు చుక్కలు పైకి తేలుతున్నాయి. చెయ్యి పెడితే గోడ తడిగా తగిలింది. పై అంతస్తులో పైపు కారుతోందని ఆవిడ మూడుసార్లు చెప్పారు. ఎవరూ పైకెళ్ళి చూడలేదు. కౌన్సిల్ కంప్యూటర్‌లో మాత్రం ఆ పని పూర్తయిపోయింది.

నేను కౌన్సిళ్ళని కోరేది ముఖ్యంగా ఒక్కటే. రిపేరు అయిందని చెప్పే అధికారం ఆ ఇంట్లో ఉండేవాళ్ళకి ఇవ్వండి. కంట్రాక్టర్ ఫొటో తీసి పంపగానే ఫైలు మూసెయ్యకండి. పది రోజులాగి టెనెంట్‌కి ఫోన్ చెయ్యండి, "చెమ్మ తగ్గిందా?" అని అడగండి. తగ్గలేదంటే కొత్త నంబర్ ఇచ్చి మొదటికి తీసుకురాకుండా, పాత ఫిర్యాదే నడవాలి. ఇప్పుడు జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. గడువులోగా ఎన్ని రిపేర్లు చేశారో కౌన్సిల్ ఏటా లెక్క చూపించాలి. పని మూసేస్తే లెక్క బాగుంటుంది, గోడ ఎలా ఉన్నా సరే.

ఇంట్లో ఉండేవాళ్ళ మాట వినకపోతే ఏమవుతుందో ఉత్తర ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో చూశాం. అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లాడు 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. ఫ్లాట్‌లోని బూజు వల్ల ఊపిరి సమస్యలొచ్చి చనిపోయాడని 2022లో మరణ కారణాలు విచారించే అధికారి (కరోనర్) తేల్చారు. వాళ్ళ నాన్న 2017 నుంచే చెబుతున్నాడు. బూజు మీద రంగు వేసుకోమన్నారు. ఆ కుటుంబం బతికే తీరే దీనికి కారణమనుకున్నామని, అది తప్పని ఇళ్ళు నడిపే సంస్థ తర్వాత ఒప్పుకుంది. మా పిన్నిగారికీ "వంట ఎక్కువ చేస్తారా, బట్టలు ఇంట్లో ఆరేస్తారా?" అన్న ప్రశ్నలే ఎదురయ్యాయి. పోపు వేసుకుని, అన్నం వండుకుని బతికే మనవాళ్ళకి ఆ ప్రశ్న ఎంత గుచ్చుకుంటుందో నేను ఆవిడ మొహంలో చూశాను.

ఆ పిల్లాడి పేరుతోనే చట్టం వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి ఇంగ్లండ్‌లో అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో సరిచెయ్యాలి. ప్రమాదకరమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో వచ్చి చూడాలి, చూశాక 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చెయ్యాలి. కానీ పైపు కారుతుంటే గోడకి రంగేసి పూర్తయిందని రాసుకునే అలవాటు ఉన్నంతకాలం గడువులు కాగితం మీదే నెరవేరతాయి.

డబ్బుల్లేవంటారు. ఆ ఇబ్బంది నిజమే, 2016 నుంచి నాలుగేళ్ళు ప్రభుత్వమే అద్దెలు ఏటా ఒక శాతం తగ్గించమంది, కౌన్సిళ్ళ చేతిలో ఆడే డబ్బు తగ్గింది. అయితే కౌన్సిల్ ఇళ్ళ అద్దెలు విడి ఖాతాలో ఉంటాయి, వేరే ఖర్చులకి వాడకూడదు. పిన్నిగారు కట్టే అద్దె ఆ ఖాతాలోకే పోతోంది. ఆవిడ ఎవరి దయా అడగడం లేదు. పైగా ఒకే గోడకి మూడుసార్లు రంగు వెయ్యడం కన్నా పైపు ఒక్కసారి బాగుచెయ్యడం చవక.

భాష సంగతి కూడా చెప్పాలి. ఫోన్‌లో నలభై నిమిషాలు వేచి ఉన్నాక ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు కూడా టెన్షన్‌లో పోతుంది. దుబాసీ కావాలంటే ఏర్పాటు చేస్తామని కౌన్సిల్ వాళ్ళే ముందు చెప్పాలి. ఇప్పుడు ఆ పని పక్కింటివాళ్ళు, బడి పిల్లలు చేస్తున్నారు.

వీసా మీద వచ్చిన మనలో చాలామందికి కౌన్సిల్ ఇంటికి అర్హత లేదు, అందుకే ఇది మన గొడవ కాదనుకుంటాం. కానీ ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకి, కామన్‌వెల్త్ పౌరులుగా, కౌన్సిల్ ఎన్నికల్లో ఓటుంది. పేరు నమోదు చేసుకోనివాళ్ళు మన సంఘంలోనే ఎంతమందో! ఓటడగడానికి తలుపు తట్టినవాళ్ళని మీ వార్డులో రిపేరు ఫిర్యాదు ఎవరు మూసేస్తారని అడగండి.

పోయిన శనివారం పిన్నిగారిని మా వార్డు కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఫొటోలు తేదీల వారీగా చూపించాం. పై అంతస్తుకి ప్లంబర్‌ని పంపిస్తామన్నారు. పిన్నిగారు బీరువా ఇంకా వెనక్కి జరపలేదు.